హీటరున్న పెళ్ళికారు

మరియదాసు మాస్టారి లెక్క ప్రకారం ఆ రోజు పెళ్ళిలో తేడా రావడానికి ఏమీ లేదు. పొద్దున ఆరింటికి గుణదలలో బయలుదేరితే ఏడుంబావుకి ఉయ్యూరు, ఎనిమిదికల్లా పామర్రు, అక్కణ్ణించి మట్టిరోడ్డు మీద అరగంటలో కొత్తలంకపాలెం చర్చి. పెళ్ళి తొమ్మిదిన్నరకి. అంటే గంట మిగులుతుంది. ఆ గంటలో పెళ్ళికొడుకు మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఓ పక్కన నిలబడి కాస్త భయపడటానికి కూడా వ్యవధి ఉంది. ఇదంతా మాస్టారు ముందురోజే టైపు కొట్టి, కార్బను కాపీ ఒకటి భార్య శౌరమ్మ చేతిలో పెట్టారు.

ఆయనకి గవర్నరుపేటలో టైపు ఇన్‌స్టిట్యూటు ఉంది. పదహారు మిషన్లు. ఇరవై రెండేళ్ళుగా వాటిని ఆయనే విప్పి ఆయనే బిగించుకుంటున్నారు. లోకంలో ఏ యంత్రమైనా సరే, దాంతోపాటు వచ్చిన పుస్తకం చదివి, అందులో ఉన్నది ఉన్నట్టు చేస్తే చెప్పినట్టు వింటుందని ఆయన నమ్మకం. చిక్కంతా మనుషులతోనే. వాళ్ళతో పుస్తకం రాదు.

పెళ్ళికొడుకు బాలశౌరి ఆయన అన్నగారి కొడుకు. ఏడో ఏట తల్లీతండ్రీ ఇద్దరూ లేకుండా పోతే, పిల్లలు లేని మాస్టారు దంపతులు తెచ్చి పెంచుకున్నారు. టైపు నేర్పి, సర్కారు ఆఫీసులో ఉద్యోగంలో కూర్చోబెట్టి, ఇవాళ పెళ్ళి చేస్తున్నారు. వాడు సొంత కారులో దిగాలని మాస్టారు ఎనిమిది నెలల కిందట ఊటీ దాకా వెళ్ళి, ఒక టీతోట మేనేజరు వదిలించుకుంటున్న పాత విలాయతీ కారు కొనుక్కొచ్చారు. ఆకుపచ్చ కారు. దానికి హీటరుంది.

"బెజవాడ మొత్తానికి హీటరున్న కారు ఇదొక్కటే," అని ఆయన కనపడ్డవాళ్ళందరికీ చెప్పేవారు.

"బెజవాడలో హీటరెందుకు మాస్టారూ?" అని ఎవరైనా అడిగితే, "ఉండటం వేరు, వేసుకోవటం వేరు," అనేవారు. ఆ ఎనిమిది నెలల్లోనూ కారు గుణదల నుంచి గవర్నరుపేటకి, గవర్నరుపేట నుంచి గుణదలకి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళలేదు.

అది డెబ్బై నాలుగో సంవత్సరం మే నెల. చుట్టాలంతా ముందురోజే బస్సులో వెళ్ళిపోయారు. కార్లో ముగ్గురే. ముందు మాస్టారు, శౌరమ్మ. వెనక సీటంతా బాలశౌరిది. కారు ముందుభాగం కనపడకుండా శౌరమ్మ మల్లెదండలు, లిల్లీదండలు కట్టించింది. బాలశౌరికి తెల్ల కోటు కుట్టించారు. గుడ్డ కాస్త మందమైనదే. బందరు రోడ్డు మీద లారీలు లేపే దుమ్ము ఆ కోటు మీద పడకూడదని శౌరమ్మ నాలుగు అద్దాలూ పైకెత్తించింది.

"ఉక్కగా ఉంది పిన్నీ," అన్నాడు బాలశౌరి, పటమట దాటకముందే.

"ఒక్క పూట ఓర్చుకోరా. మళ్ళీ మళ్ళీ చేసుకుంటావా ఏంటి?" అంది శౌరమ్మ.

కంకిపాడు పొలిమేరలో డాష్‌బోర్డు మీద ఒక ముల్లు లేచి, ఎర్రగీత దగ్గర నిలబడింది. మాస్టారు ఆ ముల్లుని అంత ఎత్తున ఎప్పుడూ చూడలేదు. చూస్తుండగానే మల్లెదండల మధ్యనుంచి ఆవిరి బుస్సుమంది. ఆయన ఏ మాత్రం కంగారు పడకుండా కారు పక్కకి ఆపి, సీటు కింద నుంచి పుస్తకం తీశారు.

"ఇంజను వేడెక్కినచో," అని ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులోకి మార్చి, క్లాసులో డిక్టేషను ఇచ్చినట్టు చదివారు. "ఒకటి, నీళ్ళు చూడవలెను."

నీళ్ళు చూడటానికి పక్కనే బందరు కాలవ ఉంది. అయితే ఎండాకాలం మరమ్మతులకి కాలవ కట్టేసి నెలయింది. అడుగున నెర్రెలు కనపడుతున్నాయి. చివరికి రోడ్డు పక్కన తాటిముంజలమ్ముకుంటున్న పేరమ్మ అనే ఆవిడ తన కడవలో నీళ్ళు ఇచ్చింది. పోస్తే అరచెంబు కూడా పట్టలేదు.

"రెండు, ఫ్యాను బెల్టు బిగువు చూడవలెను." చూశారు. బిగువుగానే ఉంది.

"మూడు, రేడియేటరుకి గాలి తగలకుండా ముందు ఏదైనా అడ్డముంటే తీసివేయవలెను." మాస్టారు తలెత్తి దండల వంక చూశారు. "ఇదీ కారణం! ఊపిరాడక చస్తోంది పాపం."

శౌరమ్మ ఎంత మొత్తుకున్నా దండలన్నీ విప్పేశారు. అంత పూలని రోడ్డు మీద పారేయడానికి ఆవిడకి చేతులు రాలేదు. తెచ్చి వెనక సీట్లో బాలశౌరి ఒళ్ళో, గుండెల మీద, చుట్టూ పేర్చింది.

దండలు తీసినా ముల్లు దిగలేదు. రెండు మైళ్ళు పోయాక మళ్ళీ ఎర్రగీత ఎక్కింది. మాస్టారు తొమ్మిదో పేజీ తిప్పారు. అందులో చివరి వాక్యం చదవగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇంజనులో వేడి అదుపు తప్పినచో, హీటరు పూర్తిగా వేసినయెడల ఆ వేడి కారులోపలికి వచ్చి ఇంజను చల్లబడును! చూశావా శౌరమ్మా? హీటరెందుకు, హీటరెందుకు అన్నారు అందరూ!"

ఆయన హీటరు పిడి బయటికంటా లాగారు. కాళ్ళ దగ్గర ఏదో గుర్రుమని, ఎనిమిది నెలల దుమ్ముతో సహా వేడిగాలి కొట్టింది. ముల్లు మెల్లగా, ఎంతో వినయంగా, కిందికి దిగింది.

"దిగింది! చెప్పానా?" అన్నారు మాస్టారు చెమట తుడుచుకుంటూ.

"అద్దాలన్నా దించండి బాబాయ్," అన్నాడు బాలశౌరి నీరసంగా.

"కోటు!" అంది శౌరమ్మ. ఎదురుగా మూడు లారీలు వరసగా వస్తున్నాయి.

ఆ విధంగా మే నెల ఎండలో, నాలుగద్దాలూ మూసుకుని, హీటరు పూర్తిగా వేసుకుని, ఆకుపచ్చ కారు ఉయ్యూరు చేరింది. హీటరు ఒక్క నిమిషం ఆపితే ముల్లు లేచేది, వేస్తే దిగేది. మాస్టారికి ఇది గొప్ప విజయంగా కనిపించింది. వెనక సీట్లో బాలశౌరి మొహం ముందు ఎర్రగా, తరవాత పాలిపోయి, ఇప్పుడొక రకమైన మైనం రంగులోకి వచ్చింది. తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, గుండెల మీద చేతులు పెట్టుకుని, పూల మధ్య కదలకుండా పడున్నాడు.

ఉయ్యూరు సెంటరులో మాస్టారు కారాపి మరికాసిని నీళ్ళు పోస్తున్నారు. వేడి ఇంజనులో చన్నీళ్ళు పోసేటప్పుడు ఇంజను ఆపరాదని పుస్తకంలో ఉంది గనక దాన్ని ఆపలేదు. అది రొద పెడుతోంది. అంతలో పక్కనే బందరు బస్సొచ్చి ఆగింది. కిటికీలోంచి పెళ్ళికూతురి మేనమామ జాన్‌బాబు తల బయటపెట్టాడు. ఆయన కూడా పెళ్ళికే వెళ్తున్నాడు. ఆయన చూపు ముందు మాస్టారి మీద, తరవాత కార్లో తెల్ల కోటుతో, పూల మధ్య కళ్ళు మూసుకుని పడున్న బాలశౌరి మీద పడింది.

"మాస్టారూ! ఏంటిది? బానే ఉందా?" అని అరిచాడు.

"ఇప్పుడు ఫర్లేదండీ! కంకిపాడు దగ్గర మాత్రం పనైపోయిందనుకున్నాం!" అని మాస్టారు ఇంజను రొదకి మించి అరిచారు. "నోట్లోంచి ఒకటే ఆవిరి!"

"అయ్యయ్యో! మరేం చేశారు?"

"నీళ్ళు పోశాం, అరచెంబు కూడా పట్టలా! హీటరు పెట్టాక కుదుటపడింది. అది ఆపామా, ఇక అంతే!"

జాన్‌బాబు నోరు తెరిచాడు. "హీటరా? ఎప్పట్నించండీ ఇది?"

"లోపల ఎప్పట్నించో ఉండుంటదండీ! ఇంతదూరం ఎప్పుడూ తీసుకెళ్ళలేదు గదా, బయటపడలేదు!"

"మరి పెళ్ళి...?"

"పెళ్ళి దాకా లాగుద్ది! ఆ పూచీ నాది. తర్వాత సంగతి తర్వాత!" అని మాస్టారు ధైర్యంగా చెయ్యూపారు.

బస్సు కదిలింది. జాన్‌బాబు కిటికీలోంచి సిలువ గుర్తు వేసుకోవడం మాస్టారు చూశారు. తమ ప్రయాణం క్షేమంగా సాగాలనేమోనని, "ఎంత మంచి మనిషో," అనుకున్నారు.

కొత్తలంకపాలెంలో పెళ్ళికూతురి తండ్రి శౌరయ్యకి ట్రాక్టర్లు, ఆయిలు ఇంజన్లు బాగుచేసే షెడ్డుంది. ఆయన తెల్లారకముందు నుంచీ చర్చి ముందు పందిరి కింద అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఫాదర్‌గారికి మధ్యాహ్నం పన్నెండింటికి ఎనిమిది మైళ్ళ అవతల ఇంకో పెళ్ళుంది. ఆ తరవాత ఆయన నెల రోజులు ఊళ్ళో ఉండరు. కాబట్టి ఇవాళ తప్పితే మళ్ళీ వానాకాలమే. అలాంటి సమయంలో జాన్‌బాబు పామర్రులో బస్సు దిగి, ఎవరిదో మోటారుసైకిలెక్కి వచ్చి, తను విన్నదంతా ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పాడు. ఒళ్ళు చల్లబడిపోతోంది, కార్లో హీటరు పెట్టి తెస్తున్నారు. నీళ్ళు పోసినా గొంతు దిగటం లేదు. ఎప్పట్నించో ఉన్న జబ్బేనట. పెళ్ళి దాకా లాగుతాడట. తరవాత సంగతి తరవాతట.

మాస్టారు పదింటికి పది నిమిషాలుందనగా చర్చి ముందు కారాపి, బ్యాండు మేళం కోసం చూశారు. బ్యాండువాళ్ళు వాయిద్యాలు ఒళ్ళో పెట్టుకుని తలలు వంచుకు కూర్చున్నారు. ఊరంతా పందిట్లో మౌనంగా నిలబడి ఉంది. కంపౌండరు సంజీవరావు చేతిమీద గొంగళి, వేణ్ణీళ్ళ సీసా పట్టుకుని ముందుకొచ్చాడు. ఆయన వెనకే ఫాదర్‌గారు. పెళ్ళి వస్త్రాల్లోనే ఉన్నా ఆయన చేతిలో చిన్న వెండి డబ్బీ ఉంది. చావు దగ్గరపడ్డవాళ్ళకి చేసే అవస్థ అభ్యంగనానికి వాడే నూనె డబ్బీ అది.

వెనక తలుపు తెరుచుకుంది. బాలశౌరి పూలు రాల్చుకుంటూ, తలుపు పట్టుకుని, తూలుతూ దిగాడు. తలమీద ఎండ నిప్పులు చెరుగుతోంది. పందిట్లో విసనకర్రలు ఆగకుండా ఆడుతున్నాయి. రెండున్నర గంటలు హీటరు ముందు ఉడికి వచ్చిన బాలశౌరి తడిసిన ఒంటికి అప్పుడే కొంచెం గాలి తగిలింది. అతనికి ఒళ్ళంతా జిల్లుమని, రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఒక్కసారి వణికాడు.

"అబ్బ, ఎంత చల్లగా ఉందో!" అన్నాడు మనస్ఫూర్తిగా.

పందిట్లో ఆడవాళ్ళు ఒక్కసారిగా గొల్లుమన్నారు. సంజీవరావు గొంగళి అతని చుట్టూ బిగించి కుర్చీలో కూలేశాడు. నోరు తెరిచి ఏదో చెప్పబోతుంటే ఆ నోట్లో థర్మామీటరు పెట్టాడు. తీసి చూసి, "నూటొకటి," అని అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఏంటండీ ఇదంతా? వాడికేం జబ్బు లేదు!" అన్నారు మాస్టారు.

"బావగారూ!" శౌరయ్య ముందుకొచ్చాడు. "లోపల ఎప్పట్నించో ఉందని మీ నోటితో మీరే అన్నారంట!"

"ఉంది! దానికి!"

"మనిషిని పట్టుకుని ‘దానికి’ అంటారేంటండీ? ఇంత జబ్బు దాచి నా బిడ్డని కట్టబెడదామనుకున్నారా? పెళ్ళి లేదు, ఏం లేదు. ముందు పిల్లాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళండి."

"హీటరు వేసింది ఇంజను కోసమండీ!"

"మే నెల్లో ఇంజనుకి హీటరేంటండీ? ఎవరికి చెప్తున్నారు? పాతికేళ్ళుగా ఇంజన్లు చూస్తున్నవాణ్ణి నేను. వేడెక్కిన ఇంజనుకి ఎవడన్నా కుంపటి పెడతాడా?"

మాస్టారు పుస్తకం కోసం చూశారు. అది కార్లోనే ఉండిపోయింది. ఉన్నా చదివేవాళ్ళెవరూ అక్కడ కనపడలేదు. గొంగట్లోంచి మొహం మాత్రం కనపడేలా కూర్చున్న బాలశౌరి ఆయన వంక చూస్తున్నాడు. తల్లి పోయిన రోజున దుప్పటి చుట్టుకుని గుమ్మంలో కూర్చుని ఇలాగే చూశాడు ఏడేళ్ళవాడు. అప్పుడు మాస్టారు ఒక్క మాట కూడా ఆలోచించుకోకుండా ఎత్తుకుని వచ్చేశారు. ఇప్పుడు ఏం చెయ్యాలో ఆయనకి తోచలేదు.

చర్చి పక్కగదిలోంచి పెళ్ళికూతురు తెరేసమ్మ బయటికి వచ్చింది. తెల్లపట్టు చీర, తలమీద తెల్లని ముసుగు, చేతిలో పూలగుత్తి.

"అమ్మాయ్, నువ్వు లోపలికెళ్ళు," అన్నాడు శౌరయ్య.

"ఒక్క నిమిషం నాన్నా." ఆమె సంజీవరావు దగ్గరికి వెళ్ళి మాస్టారిని చూపించింది. "ఆ థర్మామీటరు కడిగి, విదిల్చి, ఇప్పుడు మామయ్యగారి నోట్లో పెట్టండి."

"ఆయనకెందుకమ్మా? రోగి ఈయన."

"పెట్టండి మీరు."

పెట్టారు. నూటొకటి. శౌరమ్మ నోట్లో పెట్టారు. నూటొకటికి ఒక గీత ఎక్కువ.

"ఒకే కార్లో దిగిన ముగ్గురికీ ఒకే జ్వరమా?" అంది తెరేసమ్మ. "జబ్బు మనిషికి కాదు, కారుకి. మామయ్యగారూ, నీళ్ళు ఎన్నిసార్లు పోశారు?"

"మూడుసార్లమ్మా. పోసినప్పుడల్లా అరచెంబు పట్టట్లా."

"అంటే నీళ్ళు కారట్లేదు, తగ్గట్లేదు. మరి హీటరేస్తే వేడి దిగుతుందా?"

"ఠక్కున దిగుద్ది! ఆపితే లేస్తది!" మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఇంతసేపటికి సరైన ప్రశ్న అడిగినవాళ్ళు కనపడ్డారు.

తెరేసమ్మ పూలగుత్తి ఫాదర్‌గారి చేతిలో పెట్టింది. ఆయన ఒక చేత్తో నూనె డబ్బీ, ఒక చేత్తో పూలగుత్తి పట్టుకుని నిలబడ్డారు. ఆమె ముసుగు వెనక్కి తోసి, బానెట్టు ఎత్తించి, చేతిరుమాలు అడ్డం పెట్టుకుని రేడియేటరు పై గొట్టం పట్టుకుంది. వెంటనే చెయ్యి లాగేసుకుంది. తరవాత వంగి, అడుగున ఉన్న గొట్టం పట్టుకుంది. పట్టుకుని అలాగే ఉంది.

"నాన్నా, పైది కాలిపోతంది. కిందది చల్లగా ఉంది."

శౌరయ్య కోపంలో ఉన్నాడు. పెళ్ళి వద్దన్నవాడు. కాని ఆ రెండు మాటలు విన్నాక ఆయన కాళ్ళు ఆగలేదు. "ఏదీ, తప్పుకో," అని కొత్త పంచె లెక్కచెయ్యకుండా కారులోకి వంగాడు. కింద గొట్టం పట్టుకున్నాడు. మొహం మారిపోయింది.

"థర్మోస్టాటు!" అన్నాడు, చిన్ననాటి స్నేహితుడు ఎదురుపడ్డట్టు. "బావగారూ, చలిదేశం బళ్ళకి ఇంజను నోటి దగ్గర చిన్న మూత పెడతారండీ. ఇంజను వేడెక్కేదాకా అది నీళ్ళని రేడియేటరుకి పోనివ్వదు. మీదాంట్లో ఆ మూత పడిపోయి తెరుచుకోట్లేదు. నీళ్ళున్నా తిరగట్లేదు. హీటరు గొట్టం మాత్రం మూతకి ఇవతల ఉంది గనక, దాంట్లోకి పోయినంత వేడి పోతంది. హీటరు వేసి మంచిపని చేశారు. లేకపోతే ఇంజను పట్టేసేది!"

"నేను చెప్పింది అదేగా!" అన్నారు మాస్టారు.

"మీరు అదొక్కటి తప్ప అన్నీ చెప్పారు," అంది శౌరమ్మ.

శౌరయ్య గిరుక్కున బామ్మర్ది వైపు తిరిగాడు. జాన్‌బాబు అప్పటికే బ్యాండువాళ్ళ వెనక నిలబడి, వాయించండి, వాయించండి అని సైగ చేస్తున్నాడు.

ఫాదర్‌గారు గడియారం చూసుకున్నారు. పదీ ఇరవై. "ఇప్పుడు కారు ముందా, పెళ్ళి ముందా శౌరయ్యా?" అన్నారు.

స్పానరు తెమ్మని అప్పటికే ఎవరినో పంపబోతున్న శౌరయ్య తటపటాయించాడు. తెరేసమ్మే జవాబిచ్చింది.

"ఇంజను చల్లారటానికి ఎలాగూ గంట పడుద్ది ఫాదర్. ఈలోగా పెళ్ళి అయిపోద్ది."

పెళ్ళిచూపుల్లో ఆమెతో రెండు ముక్కలు కూడా మాట్లాడని బాలశౌరి, గొంగళి విప్పుకుంటూ, నోరు తెరుచుకుని ఆమెనే చూస్తున్నాడు. ఆమె అతని దగ్గరికి వచ్చి మెల్లగా, "ఇంకా చలేస్తుందా?" అని అడిగింది.

"లేదండీ. ఇప్పుడు బానే ఉంది," అన్నాడతను.

పెళ్ళి సవ్యంగా జరిగింది. ఒక్కచోట మాత్రం, పెళ్ళి ప్రమాణంలో ఆరోగ్యమందును అనారోగ్యమందును అనే మాటల దగ్గర, ఫాదర్‌గారు ఆగి, వరుడి మొహం పరీక్షగా చూసి, ముందుకు సాగారు.

భోజనాలయ్యాక శౌరయ్య స్వయంగా థర్మోస్టాటు విప్పి తీశాడు. రూపాయిబిళ్ళకంటే కొంచెం పెద్దది, తుప్పుపట్టి బిగుసుకుపోయింది. "మన దేశంలో దీంతో పన్లేదు బావగారూ. ఇలాంటివి మా షెడ్డులో దండ కట్టి మేకుకి తగిలించా," అని మాస్టారి అరచేతిలో పెట్టాడు. మాస్టారు ఆ సాయంత్రమే పుస్తకం తీసి చూశారు. దాన్ని గురించి పదకొండో పేజీలో వివరంగా ఉంది. పొద్దున ఆయన తొమ్మిదో పేజీతోనే తృప్తిపడ్డారు.

నాలుగున్నరకి కొత్త దంపతులని ఎక్కించుకుని కారు బయలుదేరింది. అద్దాలన్నీ దించేశారు. ముల్లు మధ్యలో నిలబడి కదలనే లేదు. మైలు మైలుకీ మాస్టారి ధైర్యం తిరిగి వచ్చింది. ఉయ్యూరు వచ్చేసరికి, వేడెక్కిన ఇంజనుని పరీక్షించే పద్ధతి కోడలికి వివరించడం మొదలుపెట్టారు. ఆమె "అవును మామయ్యగారూ, అవును మామయ్యగారూ," అంటూ వింది.

ఉయ్యూరు దాటి మూడు మైళ్ళు వచ్చాక కారు రెండుసార్లు దగ్గి, రోడ్డు పక్కన ఆగిపోయింది. మాస్టారు ముల్లు చూశారు. చల్లగానే ఉంది. బానెట్టు ఎత్తి పై గొట్టం పట్టుకున్నారు, కింద గొట్టం పట్టుకున్నారు. రెండూ సమానంగా ఉన్నాయి.

"మామయ్యగారూ," అంది వెనక సీట్లోంచి తెరేసమ్మ, "పెట్రోలు చూశారా?"

"పెట్రోలు సంగతి కాదమ్మా ఇది," అన్నారు మాస్టారు గట్టి నమ్మకంతో. "థర్మోస్టాటు తీసేశాం గదా, ఇంజను మరీ చల్లబడిపోయింది. కాస్త తోస్తే వేడెక్కి అదే అందుకుంటుంది."

తెరేసమ్మ భర్త వంక చూసింది. బాలశౌరి తెల్ల కోటు విప్పి సీటు మీద పెట్టాడు. ఇద్దరూ దిగి, తెరేసమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఒక పక్కా, బాలశౌరి ఇంకో పక్కా నిలబడి తోయడం మొదలుపెట్టారు.

పెట్రోలు అయిపోయిందని మాస్టారు ఒప్పుకోవడానికి కంకిపాడు దాకా తోయవలసి వచ్చింది.